మడిగె షట్టర్‌కు మోటారు

మా కారు ఉండేది మడిగెలో. ఇల్లు కట్టేటప్పుడు రోడ్డు వైపు ఒక మడిగె, అంటే దుకాణం గది, వేసుకుంటే కిరాయికి పోతుందని గోదావరిఖనిలో అందరికీ చెప్పినట్టే మాకూ చెప్పారు. వేశాం. కిరాణం పెడతానని ఒకాయన వచ్చి చూసిపోయాడు. జిరాక్స్ మిషన్ పెడతానని ఒకామె వచ్చి గోడలు తట్టి చూసిపోయింది. ఇద్దరూ మళ్లీ మొహం చూపించలేదు. రెండేళ్లు ఖాళీగా పడి ఉన్నాక కారు కొని అందులో పెట్టాను. అదీ తెల్ల కారు. ఓపెన్‌కాస్టు గని బొగ్గు దుమ్ము కొట్టే ఊళ్లో తెల్ల కారు కొన్న మనిషిని చూశారా అని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పి నవ్వింది. బయట ఒక్క పూట పెడితే చాలు, బానెట్ మీద వేలితో పేరు రాసుకోవచ్చు. అందుకని ఎంత విసుగున్నా కారు మడిగెలోకే పోవాలి. పోవాలంటే షట్టర్ లేవాలి.

దుకాణాలకు ఉండే ఇనుప షట్టరే అది, పైకి చుట్టుకునేది. వంగి కింది పట్టీ పట్టుకుని ఛాతీ దాకా గుంజి, అక్కణ్నుంచి ఒక్క ఊపులో తల మీదికి తోసేయాలి. ఛాతీ దాకా నాకే ఇబ్బందీ లేదు. ఆ పైనే వచ్చింది తంటా. నా కుడిచెయ్యి భుజం దాటి పైకి రానని మొండికేసింది. దెబ్బ తగిలిందా అంటే లేదు, పడ్డానా అంటే లేదు. మెల్లమెల్లగా పట్టేసుకుంది. దువ్వెన తల దగ్గరికి పోక, తలనే దువ్వెన దగ్గరికి తెచ్చుకున్న రోజు దాకా నేను దాన్ని పట్టించుకోలేదు.

ఇంకొకరికైతే ఇది ఒట్టి భుజం నొప్పి. నాకు అంతకంటే పెద్ద గొడవ. నేను బాయిలో సర్దార్‌ని. మా వైపు బొగ్గుగనిని బాయి అంటాం. షిఫ్టు మొదలుకాగానే పనివాళ్లకంటే ముందు నేను లోపలికి పోయి పైకప్పు చూడాలి. ఒక చేత్తో కర్ర పట్టి కొట్టాలి, రెండో అరచెయ్యి పైకప్పుకు ఆనించి ఉంచాలి. గట్టి రాయి ఖణేల్మంటుంది. వదులుగా ఉన్నది బోలుగా మోగుతుంది. చెవిని మోసం చేసే రాళ్లు కూడా ఉంటాయి, వాటి అదురు అరచేతికే తెలుస్తుంది. చెవీ చెయ్యీ రెండూ ఒప్పుకున్నాకే పక్కగోడ మీద చాక్‌పీసుతో తారీఖు వేసి సంతకం పెట్టాలి. ఆ సంతకం చూసుకుని మనుషులు ఆ కప్పు కింద పనిచేస్తారు, కూర్చుంటారు, సద్ది తింటారు. చెయ్యి పైకి లేవని సర్దార్ సర్దారే కాడు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. దవాఖానలో చూపించుకుంటే కాగితం మీదికి ఎక్కుతుంది. ఎక్కితే కిందికి దిగనివ్వరు, పైన ఏదో ఒక కుర్చీ చూపిస్తారు. నేను వస్తున్నానంటే మాటలు ఆపి లేచి నిలబడే మనుషుల ముందు కుర్చీలో కూర్చుని కాగితాలు తిప్పడం నా వల్ల కాదనుకున్నాను. అది భయం. అప్పుడు దానికి పౌరుషమని పేరు పెట్టుకున్నాను.

మొదటి షిఫ్టు చేసుకుని నాలుగింటికల్లా ఇంటి ముందుకు వచ్చేవాణ్ని. దిగి, షట్టర్ వైపు నాలుగడుగులు వేసి, మళ్లీ కార్లోకే వచ్చి హారన్ కొట్టేవాణ్ని. మా ఆవిడ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చి, వంగి, రెండు ఊపుల్లో షట్టర్ లేపి పక్కకు నిలబడేది. పొయ్యి మీద పాలు పొంగుతున్న రోజు కూడా వచ్చింది. నేను ఆమె వైపు చూడకుండా కారు లోపలికి పోనిచ్చేవాణ్ని.

"షట్టర్ గట్టివడ్డది," అన్నాను ఒకరోజు, ఆమె ఏమీ అడగకముందే. "సందులల్ల బొగ్గు దుమ్ము నిండింది."

"నాకు మంచిగనే లేస్తున్నది గదా," అంది.

"నీకేంది, ఎన్నడో ఒకసారి లేపుతవ్."

"ఎన్నడో ఒకసారా? నెల సంది రోజు నేనే లేపుతున్న. అంగి తొడుక్కునేటప్పుడు నువ్వు మొఖం ఎట్ల పెడ్తున్నవో నాకు కనవడ్తలేదనుకుంటున్నవా? నడువు, దవాఖానకు పోదాం."

"దవాఖాన లేదు, ఏం లేదు! రోగం నాకు కాదు, షట్టర్‌కు!" అని అరిచాను.

అరిచాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. చెప్పులు తొడుక్కుని చౌరస్తా దాకా పోయి, ఎందుకు వచ్చానో నాకే తెలియక ఒక టీ తాగాను. ఆ రోజుల్లో నా తీరు అంతే. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు. టీవీ పెట్టి కట్టేసేవాణ్ని. పేపరు ఒక పేజీ చదివి పడేసేవాణ్ని.

ఆ టీ కొట్టు దగ్గరే ఆలోచన వచ్చింది. కార్లోంచి దిగకుండానే షట్టర్ దానంతటది తెరుచుకుంటే? హారన్ కొట్టనక్కర్లేదు, మా ఆవిడ రానక్కర్లేదు, నా చెయ్యి లేచిందో లేదో చూసే మనిషే ఉండదు. ఆహా, ఎంత తెలివి! గబగబా ఇంటికి వచ్చి, "నీకు కష్టమైతున్నదని షట్టర్‌కు మోటర్ పెట్టిస్తున్న," అన్నాను.

"కష్టమైతున్నదని నేను చెప్పిన్నా?" అంది మా ఆవిడ.

మా బామ్మర్దికి, అంటే మా ఆవిడ తమ్ముడికి, చౌరస్తాలో ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. ఇన్వర్టర్లు, కెమెరాలు, మోటార్లు అన్నీ అతనే బిగిస్తాడు. ఆదివారం పొద్దున సామాన్ల సంచీతో వచ్చాడు. వస్తూనే షట్టర్ కింద రెండు వేళ్లు పెట్టి సర్రున పైకి తోసేశాడు. దింపాడు. మళ్లీ తోశాడు.

"గిది మంచిగనే ఉన్నది గదా బావా! స్ప్రింగు జర లూజయ్యింది, అంతే. బిగిస్తే ఒక్క వేలుతోని లేస్తది. గంట పని. దీనికి మోటరెందుకు, ఫాల్తు!"

మా ఆవిడ గుమ్మంలో నిలబడి షట్టర్‌ను కాదు, నన్ను చూస్తోంది. "ఒక్క వేలుతోని లేస్తదట," అంది.

స్ప్రింగు ఎంత బిగించినా ఆ ఒక్క వేలూ తల మీదికి పోవాల్సిందే కదా. ఆ మాట ఎలా చెప్పను? "నీకు మోటర్ పెట్టుడు రాకుంటే రాదని చెప్పు. మంచిర్యాలల ఇంకొకణ్ని చూసుకుంట," అని ఎగిరాను.

పాపం, బిత్తరపోయాడు. "నేనేమన్న బావా? గంత గరమెందుకు? పెడ్త తియ్యి!"

మోటారు ఏదైనా ఒకటేనట. అసలు తకరారంతా దాన్ని కార్లోంచి ఎలా పిలవాలన్న దగ్గర వచ్చింది. ముందు ఫోను అన్నాడు. ఫోన్లో యాప్ వేస్తాడు, సందు మలుపులో ఉండగా వేలు ఆనిస్తే చాలు, ఇంటికి వచ్చేసరికి షట్టర్ తెరిచి ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ నేను డ్యూటీకి ఫోను తీసుకుపోను. బాయి మీద తనిఖీ ఉంటుంది. అగ్గిపెట్టె, బీడీ, ఫోను, బ్యాటరీ ఉన్న ఏ వస్తువూ కిందికి పోకూడదు, కంపెనీ ఇచ్చే టోపీ లైటు తప్ప. లోపల గ్యాస్ ఉండే చోటు, చిన్న నిప్పురవ్వ చాలు. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే. ఒకసారి ఒకడి జేబులో పిల్లల బొమ్మ లైటు దొరికితే అందరి ముందూ అరగంట తిట్టాను. అందుకని ఫోను ఇంట్లోనే ఉంటుంది, మా ఆవిడ దగ్గర.

"అయితే కార్ల పెట్టుకో బావా."

"కార్ల ఎండకు కాలిపోదా? అది వద్దు. ఇంకోటి చెప్పు."

రెండు రోజుల తర్వాత ఇంకోటి తెచ్చాడు. టోల్‌గేటు దగ్గర అద్దానికి అంటించుకుంటామే, అలాంటి స్టిక్కరు. మడిగె పైన ఒక డబ్బా బిగిస్తాడు, స్టిక్కరు దగ్గరికి రాగానే డబ్బా కనిపెట్టి షట్టర్ లేపుతుంది. అసలు వేలు కూడా కదపనక్కర్లేదు. నేను సంబరపడిపోయి సాయంత్రమంతా దాని గురించే మాట్లాడాను. పడుకోబోతూ మా ఆవిడ అడిగింది. "మరి కారు మడిగెల ఉన్నప్పుడు స్టిక్కరు డబ్బ కిందనే ఉంటది గదా. షట్టర్ రోజంత తెరిచే ఉంటదా?"

మరునాడు పొద్దున్నే బామ్మర్దికి ఫోన్ చేశాను. కాసేపు నీళ్లు నమిలాడు. "సెట్టింగ్ ఉంటది బావా, చూస్త," అన్నాడు. చూస్తానన్నాడంటే తెలియదని అర్థం. అదీ పోయింది.

నంబరు ప్లేటు చదివే కెమెరా అన్నాడు. "ప్లేటు మీద దుమ్ము తుడిచేటందుకు రోజు నువ్వొస్తవా?" అన్నాను. హారన్ వింటే తెరుచుకునేది కూడా ఉందన్నాడు. మా సందు చివర బొగ్గు టిప్పర్లు పోతాయి, ఒక్కొక్కడూ హారన్ మీద చెయ్యి పెడితే తియ్యడు. ఇక మా షట్టర్ పొద్దంతా లేచి కూర్చోవాల్సిందే. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కమాన్‌పూర్‌లో ఎవరో రిమోటు గేటు పెట్టించుకున్నారని విని, తెలియని వాళ్లింటికి పోయి, కూర్చోమంటే కూర్చోకుండా వాళ్ల గేటు నాలుగుసార్లు తెరిపించుకుని చూసొచ్చాను. వాళ్లేమనుకున్నారో ఏమో! నాకేమో రోజురోజుకూ ఒళ్లు ఆగడం లేదు. ఆ షట్టర్ లేచేస్తే అంతా సర్దుకుంటుందని, భుజం సంగతి కూడా దానితోనే సర్దుకుంటుందని ఎలా నమ్మానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

చివరికి రిమోటే ఖాయమైంది. తాళపుచెవుల గుత్తికి వేలాడేంత చిన్నది, రెండు బొత్తాలు, లోపల బిళ్లంత బ్యాటరీ. నాలుగు నిమిషాల్లో తేలాల్సిన పనికి మూడు వారాలు పట్టింది.

బిగించిన రోజు బామ్మర్దిని నేను పెట్టిన బాధ అంతా ఇంతా కాదు. కింద మనిషి ఉంటే షట్టర్ ఆగుతుందా అన్నాను. ఆగుతుందన్నాడు. బకెట్ పెట్టి చూడమన్నాను. ఆగింది. అడ్డంగా దిండు పెట్టమన్నాను. ఆగింది. దిండు మెత్తగా ఉంది, నిజంగా ఆగిందా, నొక్కుకుని ఆగిందా అని మళ్లీ పెట్టించాను. కరెంటు పోతే ఎలా దిగుతుంది, గొలుసు తెగితే ఏమవుతుంది, బోల్టులు గోడలోకి ఎంత లోతు పోయాయి అని ఒక్కొక్కటీ అడిగాను. స్టూలు ఎక్కమని, పైన మోటారు బిగించిన చోట గోడను సుత్తితో కొట్టి చూపించమన్నాను.

అతను చెమట తుడుచుకుని నవ్వాడు. "ఏంది బావా, బాయిల రూఫ్ చూసినట్టు చూస్తున్నవ్! గిట్లనే చూస్తవా లోపట గూడ? నీ కింద పనిజేసెటోళ్లు అదృష్టవంతులు పో!"

నేను మంచినీళ్లు తాగుతానని లోపలికి పోయాను. వంటింట్లో గ్లాసు నింపి, తాగకుండానే గట్టు మీద పెట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను ఆ క్షణం.

ఎందుకంటే బాయిలో అప్పటికి నెలకు పైగా నేను అలా చూడటం లేదు. కర్ర ఎడమ చేత్తో పట్టుకుంటున్నాను. కుడిచెయ్యి నడుం మీద పెట్టుకుంటున్నాను, చూసేవాళ్లకు ధీమాగా నిలబడ్డట్టు ఉండాలని. కొడుతున్నాను, వింటున్నాను, సంతకం పెడుతున్నాను. అరచెయ్యి మాత్రం పెట్టడం లేదు. ఇంకొకణ్ని కొట్టమని ఎడమ అరచెయ్యి ఆనించి చూడొచ్చు. కానీ కొట్టమంటే ఎందుకని అడుగుతారు. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేసిన చెవి, దీనికి చెయ్యి సాక్ష్యం ఎందుకులే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ అది అబద్ధమని తెలుస్తూనే ఉంది.

మర్నాడు సందు మలుపులోనే బొత్తాం నొక్కాను. నేను ఇంటి ముందుకు వచ్చేసరికి షట్టర్ గరగరమంటూ సగం లేచి ఉంది. పక్కింటాయన చూసి, "అబ్బో, మస్తుగుంది!" అన్నాడు. నాకు నిజంగానే ఛాతీ పొంగింది. ఆగకుండా, దిగకుండా, దర్జాగా కారు లోపల పెట్టాను. మా ఆవిడ మడిగెలో గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మంచిగున్నదా?" అన్నాను.

"మంచిగున్నది," అంది. "ఇగ నీ చెయ్యి ఎవ్వలికి కనవడది."

కోపం రావాలి, రాలేదు. అన్నం తినకుండా మళ్లీ బయటికి పోయి, గోదావరి వంతెన దాకా ఉత్తపుణ్యానికి కారు నడిపి, తిరిగొచ్చాను. వచ్చేటప్పుడు కూడా బొత్తాం నొక్కాను. షట్టర్ లేచింది. ఈసారి ఛాతీ ఏమీ పొంగలేదు.

తర్వాత వారం ఒక పొద్దున బాయి మీద తనిఖీలో నిలబడ్డాను. తనిఖీ చేసే ఆయన ఒకప్పుడు కింద బొగ్గు నింపినవాడే, కాలు దెబ్బతిని పైకి వచ్చాడు. రోజూ నా జేబుల మీద ఊరికే అలా తట్టి, నమస్తే పెట్టి పంపేస్తాడు. ఆ రోజు తట్టిన చెయ్యి ఆగింది. అంగీ జేబులోంచి రిమోటు తీశాడు. తాళపుచెవుల నుంచి ఊడదీసి, చేతికి అందేలా జేబులో వేసుకునే అలవాటు ఒకటి చేసుకున్నాను, ఆ రోజు కార్లో తీసి పెట్టడం మరిచిపోయాను. ఇంకో పది అడుగులు వేస్తే బ్యాటరీతో సహా బాయిలోకి దిగిపోయేవాణ్ని. పిల్లల బొమ్మ లైటుకు అరగంట తిట్టినవాణ్ని!

"ఇదేంది సర్దారన్నా? టీవీది తెచ్చుకున్నవా?" అన్నాడు నవ్వుతూ.

"ఇంటికాడి షట్టర్‌ది. మర్చిపోయిన," అన్నాను. చెవులు కాలిపోతున్నాయి.

"షట్టర్ లేపెటందుకు రిమోటా? చెయ్యి లేదా అన్నా నీకు?"

వరుసలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. మామూలు పరాచికమే, రోజూ ఒకరి మీద ఒకరు వేసుకునేదే. నేనూ నవ్వాను. "ఇక్కడ పెట్టి పో, వచ్చేటప్పుడు తీస్కపో," అని రిమోటు బల్ల సొరుగులో పెట్టాడు. కిందికి దిగుతున్నంతసేపూ ఆ మాట నా వెంటే వచ్చింది. చెయ్యి లేదా అన్నా నీకు.

బాయిలో నేను చూసుకునే జాగాలో పైకప్పులకు కడ్డీలు బిగించే ముసలాయన ఒకడున్నాడు. నాకంటే పెద్దవాడు, కాకా అని పిలుస్తాను. నేను సర్దార్ అయిన నాటి నుంచీ నాతోనే ఉన్నాడు. పనివాళ్లలో ఎప్పుడూ ఆయనే ముందు లోపలికి వస్తాడు. ఆ రోజు మొదటి చోట నేను ఎడమ చేత్తో నాలుగు దెబ్బలు కొట్టాను. ఖణేల్మంది. చాక్‌పీసు తీసి తారీఖు వేస్తుండగానే ఆయన వెనక నుంచి వచ్చి, సద్ది సంచీ గోడకు తగిలించి, నేను కొట్టిన చోటు కిందే చతికిలబడి బూట్ల తాళ్లు బిగించుకుంటున్నాడు. పైకి చూడనైనా చూడలేదు. ఏదో సినిమా పాట కూనిరాగం తీస్తున్నాడు.

నా చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. సంతకం సగం అయింది.

"కాకా, లెవ్వు," అన్నాను. "బయటికి రా."

"ఎందుకు? నువ్వు చూసినవ్ గదా."

"చూల్లే."

"చూల్లేదేంది? నా ముందరనే కొడ్తివి గదా."

"కొట్టిన. చెయ్యి పెట్టలే. నా చెయ్యి లేస్తలేదు కాకా. ఇంటికాడ షట్టర్ గూడ లేపలేకపోతున్న, అందుకే రిమోటు పెట్టిచ్చుకున్న."

వెనక వస్తున్నవాళ్లు ఆగిపోయారు. పొద్దున పైన నవ్విన మనుషులే. టోపీ లైట్లన్నీ నా మొహం మీద పడ్డాయి. కాకా మెల్లగా లేచి, ఆ కప్పు కింద నుంచి ఇవతలికి వచ్చి నిలబడ్డాడు.

"ఎన్ని దినాల సంది?" అన్నాడు.

"రెండు నెలలు కావస్తున్నది."

ఆయన అప్పుడు పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. "రెండు నెలల సంది మేము దేని కింద కూసుంటున్నం సర్దార్?" అన్నాడు.

మనుషులందరినీ బయటికి తెచ్చి, బాయిలో ఉండే కంపెనీ ఫోన్‌తో పైకి ఉన్నదున్నట్టు చెప్పాను. మా పై అధికారి ఓవర్‌మెన్, ఆయనతో పాటు పక్క జాగా సర్దారూ వచ్చారు. నా జాగా అంతా మొదటి నుంచీ కొట్టి చూశారు, అరచేతులు ఆనించి. నేను వాళ్ల వెనకే నడిచాను. మూడు చోట్ల బాగానే ఉంది. నాలుగోది మనుషులు మధ్యాహ్నం సద్ది తినే చోటు. పక్క జాగా సర్దార్ చెయ్యి ఆనించి కొట్టాడు. నా చెవికి బాగానే మోగింది. ఒట్టు, బాగానే మోగింది. అతను మాత్రం చెయ్యి తీయకుండా, "మీరొకసారి కొట్టున్రి," అని ఓవర్‌మెన్‌తో కొట్టించుకుని, తల అడ్డంగా ఊపాడు. అందర్నీ వెనక్కి జరిపి పొడవాటి గడ్డపారతో అంచున పెళ్లగించారు. మంచమంత రాయి ఒక్కటే చెక్కగా కిందికి వచ్చింది. దుమ్ము అణిగాక చూస్తే పక్కగోడ మీద నా సంతకం ఉంది, ముందు రోజుది.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ సాయంత్రం మా ఆవిడకు అంతా చెప్పాను. చెప్పడం అయిపోయాక, "మార్కెట్ల నీ పనోళ్ల ఆడోళ్లు ఎదురైతే నేనేం మొఖం పెట్టుకుని మాట్లాడాలె?" అని ఏడ్చింది. పెళ్లయినప్పటి నుంచి నా పని గురించి ఆమె గొప్పగా చెప్పుకోవడమే విన్నాను గానీ, ఏడవడం అదే మొదటిసారి చూడటం. మర్నాడు తనే నన్ను దవాఖానకు తీసుకుపోయింది. విచారణలో అడిగినవాటికి అబద్ధం ఆడలేదు. వేసిన శిక్ష అనుభవించాను, అది తక్కువేనని ఇప్పటికీ అనుకుంటాను. భుజానికి రోజూ వ్యాయామం చేస్తున్నాను. ఇప్పుడు చెయ్యి చెవి దాకా వస్తుంది.

నన్ను ల్యాంపు రూంలో వేశారు. షిఫ్టుకు పోయేవాళ్లు కిటికీలో తమ నంబరు బిళ్ల పెడితే టోపీ లైటు తీసి ఇవ్వాలి. కాకా రోజూ వస్తాడు. బిళ్ల పెడతాడు, లైటు తీసుకుంటాడు, పోతాడు. బాగున్నవా అంటే వినబడనట్టు పోతాడు. నాకూ అడగడం అలవాటైపోయింది, ఆయనకూ పలకకపోవడం అలవాటైపోయింది.

మొన్న మాత్రం ఉండబట్టలేక అడిగేశాను. "కాకా, కొత్త సర్దార్ చెయ్యి పెట్టి చూస్తున్నడా?"

ఆయన ఆగాడు. లైటు టోపీకి తగిలించుకుంటూ నా వైపు చూశాడు, నెలల తర్వాత మొదటిసారి.

"పెడ్తున్నడు. మంచిగనే పెడ్తున్నడు," అన్నాడు. "నేను పక్కన నిలవడి చూస్తున్న రోజు. ఆయన చెయ్యి తీసేదాక చూస్తున్న. నీకాడ ఇరవై ఏండ్లు పనిజేసిన, ఒక్కనాడన్న గట్ల నిలవడి చూసిన్నా?"